ముందు వేడి చూడు తల్లీ, మందు తర్వాత

తల్లీ,

రాజశ్రీ కోడిపిల్లలు యాభై కావాలని చెప్పి పెట్టానని నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. దాని వెనకాలే నువ్వన్న ఇంకో మాట మాత్రం మనసులో పడి ఉండిపోయింది. మీ పక్కవాళ్లు తెచ్చిన పిల్లలకు ముడ్డి దగ్గర రెట్ట అంటుకుని గట్టిపడి, రోజుకు ఒకటీ రెండూ చొప్పున పోయాయన్నావు. వాళ్లు వాడిన మందు పేరు రాసి పెట్టుకున్నానన్నావు. ఆ చీటీ ప్రస్తుతానికి పక్కన పెట్టు. పుట్టి నాలుగైదు రోజులైనా కాని పిల్లలకు రెట్ట అంటుకుందంటే, చాలావరకు వాటికి వేడి ఎక్కువైందనో, చాలలేదనో, దారిలో దాహానికి ఎండిపోయాయనో అర్థం. మందు నీళ్లు తాగించినంత మాత్రాన వేడికి పెట్టిన బల్బు ఎత్తు సరి కాదు కదా. పిల్లలు వచ్చాక నీకు ఊపిరి సలపదు, అందుకే ముందే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మన నాటు పెట్ట పొదిగి తీసిన పిల్లలైతే ఇంత చెప్పాల్సిన పని లేదు. 21 రోజులు గుడ్ల మీద కూర్చుని, పిల్లలయ్యాక రెక్కల కింద పెట్టుకుని అదే సాకుతుంది. నువ్వు తెస్తున్నవి అలాంటివి కావు. రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ గానీ, అక్కడే ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి గానీ, పెరట్లో తిరిగి బతికేందుకు తీసిన రకాలే. కానీ అమ్మకానికి వచ్చే పిల్లలు మిషన్లో పుడతాయి. వనరాజా, గ్రామప్రియ పెట్టలకు పెద్దయ్యాక కూడా పొదుగు గుణం ఉండదు. అంటే తల్లి చేసే పని మొత్తం నువ్వే చెయ్యాలి, అదీ మొదటి గంట నుంచీ.

తల్లికోడి పిల్లల్ని ఎలా సాకుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. అది పెరడంతా వెచ్చబెట్టదు. చలేసిన పిల్ల దాని పొట్ట కిందికి దూరుతుంది. ఒళ్లు వెచ్చబడగానే బయటికొచ్చి గింజ ఏరుకుంటుంది, మళ్లీ దూరుతుంది. ఎప్పుడు లోపలికి పోవాలో, ఎప్పుడు బయటికి రావాలో పిల్లే చూసుకుంటుంది. పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి నువ్వు కట్టే బ్రూడర్‌లో ఈ వీలు ఉండి తీరాలి. బల్బు కింద వెచ్చగా ఉండాలి, రెండడుగుల అవతల చల్లగా ఉండాలి. చాలామంది ఇరుకు అట్టపెట్టెలో పిల్లల్ని వదిలి, పైన బల్బు వేలాడదీసి, పిల్లి వస్తుందని మూత కూడా వేస్తారు. ఆ పెట్టెలో చల్లటి మూల అంటూ ఉండదు. వేడి తాళలేని పిల్ల ఎక్కడికి పోతుంది? నోరు తెరిచి రొప్పుతుంది. ఒంట్లో నీరు ఇంకిపోతుంది. రెట్ట జిగురై ముడ్డి చుట్టూ ఉన్న నూగుకు పట్టి అక్కడే ఎండిపోతుంది. దాని మీద మళ్లీ వేస్తుంది, అదీ ఎండుతుంది. చివరికి దారి మూసుకుపోయి, లోపలిది బయటికి రాక పిల్ల ఉబ్బి చచ్చిపోతుంది.

చలి తగిలిన పిల్లది ఇంకో తీరు. గుంపులో ముడుచుకుని కదలదు, నీళ్ల దాకా నడవదు. అరుగుదల చెడి పల్చగా పారుతుంది. ఆ తడి మీదే ఇంకో పిల్ల ఎక్కి కూర్చుంటుంది. పొద్దున్నే చూస్తే దీనికీ ముడ్డి అంటుకునే ఉంటుంది. చూడటానికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, కారణాలు మాత్రం పూర్తిగా వ్యతిరేకం. రెట్ట అంటుకుంది కదా అని బల్బు దించేసేవాళ్లను చూశాను. వేడికి వచ్చిన బాధ అయితే ఆ పనితో పిల్లల్ని ఇంకా ఎండబెట్టినట్టే. ముందు ఏ వైపు తప్పు జరుగుతోందో తేల్చుకోవాలి.

ఇప్పుడు బ్రూడర్ కట్టే సంగతి. గదిలో గాలి నేరుగా తగలని చోటు చూసుకుని, నేల శుభ్రంగా కడిగి, ఆరాక రెండంగుళాల మందాన పొడి వరి ఊక పరువు. దాని చుట్టూ అడుగున్నర ఎత్తున తడక గానీ, తగరపు రేకు గానీ, దళసరి అట్ట గానీ గుండ్రంగా నిలబెట్టు. యాభై పిల్లలకు ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగడుగుల చుట్టు చాలు. పన్నెండున్నర అడుగుల పొడవు రేకు సరిపోతుంది. గుండ్రంగా ఎందుకంటున్నానంటే, మూలలుంటే పిల్లలు భయపడ్డప్పుడు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి అడుగునున్నవి నలిగిపోతాయి. మూడో నాలుగో రోజు నుంచి కొంచెం కొంచెం జరుపుతూ చుట్టును పెద్దది చెయ్యి. వారం పది రోజులకు తీసెయ్యొచ్చు. చలికాలమైతే రెండు వారాలు ఉంచు.

ఊక మీద మొదటి రెండు మూడు రోజులు కాగితం పరవాలి, లేకపోతే పిల్లలు మేత అనుకుని ఊకే తింటాయి. వార్తాపత్రిక నునుపుగా ఉండి కాళ్లు జారతాయి. జారి జారి కాళ్లు రెండూ చెరో వైపుకు చాచుకుపోయిన పిల్లలు కోలుకోవడం కష్టం. గరుకుగా ఉండే అట్ట కాగితం దొరికితే అదే మంచిది. తడిసిన కాగితం తడిసినట్టే తీసి కొత్తది వెయ్యి.

బల్బుల దగ్గర జాగ్రత్త. దుకాణంలో బల్బు అడిగితే ఇప్పుడు ఎల్ఈడీ చేతిలో పెడతారు. అది వెలుగిస్తుంది గానీ పిల్లకు వేడి ఇవ్వదు. నీకు కావాల్సింది పాత రకం ఫిలమెంటు బల్బు. పిల్లకు రెండు వాట్ల లెక్కన యాభైకి నూరు వాట్లు. నూరు వాట్ల బల్బు ఒకటి పెట్టే బదులు అరవై వాట్లవి రెండు పెట్టు. రాత్రి ఒకటి మాడిపోయినా రెండోది తెల్లారేదాకా కాపాడుతుంది. రెంటినీ దగ్గర దగ్గరగా, చుట్టులో ఒక పక్కకు వేలాడదియ్యి, రెండో పక్క చల్లగా వదిలెయ్యి. మొదట ఊకకు అడుగున్నర ఎత్తున ఉంచి, పిల్లల్ని చూసి పైకీ కిందికీ మార్చుకో. కరెంటు తీగ పట్టుకుని వేలాడే బల్బు ఎప్పుడో ఒకప్పుడు ఊక మీద పడుతుంది, కొంప అంటుకుంటుంది. అందుకని హోల్డరుకు గట్టి ఇనప తీగ కట్టి దూలానికి బిగించు. ఈ ఒక్క విషయంలో నా మాట తీసిపారెయ్యకు.

పిల్లలు వచ్చాక బల్బు వేద్దామనుకోకు. ముందు రోజే వేసి ఉంచితే ఊకంతా వెచ్చబడుతుంది. పైన గాలి వెచ్చగా ఉండి కింద నేల చల్లగా ఉంటే పిల్లకు కాళ్ల నుంచి, పొట్ట నుంచి చలి ఎక్కుతుంది. థర్మామీటరు గోడకు తగిలిస్తే ఏం తెలియదు. పిల్ల వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ, అంటే ఊకకు రెండంగుళాల పైన, వెచ్చటి చోటు అంచున పెట్టి చూడు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, మన జ్వరం లెక్కలో చెప్పాలంటే మనిషి ఒంటి వేడికి కొంచెం తక్కువ. సెల్సియస్‌లో 35. తర్వాత వారానికి అయిదు ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున దించుతూ పో. రెండో వారం 90, మూడో వారం 85, నాలుగో వారం 80, అయిదో వారం 75. అప్పటికి నూగు రాలి ఈకలు కప్పుకుంటాయి, బల్బుతో పని తీరిపోతుంది.

ఈ అంకెలు మొదలుపెట్టడానికి పనికొస్తాయి. ఆ తర్వాత చూడాల్సింది పిల్లల్నే. బల్బు కింద కుప్పపడి, సన్నగా గీపెడుతూ అరుస్తున్నాయంటే చలి. బల్బుకు దూరంగా చుట్టు అంచులకు అతుక్కుని, రెక్కలు వాల్చి, నోళ్లు తెరుచుకుని ఉంటే వేడి. అన్నీ ఒకే పక్కకు చేరాయంటే ఎటు నుంచో గాలి కొడుతోంది, వాటికి ఎదురు పక్క గోడలో సందు ఎక్కడుందో వెతుకు. కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని కాళ్లు చాపుకుని నిద్రపోతూ చుట్టంతా పరుచుకుని ఉంటే సరిగ్గా ఉంది. కాళ్లు చాపి, మెడ వాల్చి పడుకున్న పిల్లను చూసి చచ్చిపోయిందని భయపడతావు, తట్టి చూడు, లేచి పరిగెడుతుంది. హాయిగా ఉన్న పిల్ల అలాగే నిద్రపోతుంది.

ఇది పగలు ఒకసారి చూస్తే సరిపోదు. పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూడాలి. చలి అసలు బలం చూపేది ఆ వేళకే. పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాలు నీ చెంపకు ఆనించు. చల్లగా తగిలితే వేడి చాలడం లేదని తెలిసిపోతుంది. మొదటి రోజు రాత్రి మెడ కింద మేత సంచి కూడా వేలితో తడిమి చూడు. మెత్తగా, నిండుగా తగలాలి. ఖాళీగా ఉంటే ఆ పిల్ల మేత కనుక్కోలేదు. గట్టిగా గింజలు గింజలుగా తగిలితే తింది గానీ నీళ్లు తాగలేదు.

మన కాలాలు కూడా లెక్కలోకి తీసుకో. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద మధ్యాహ్నం 40 సెల్సియస్ డిగ్రీలు దాటితే, 35 కావాల్సిన పిల్లకు కూడా అది ఎక్కువే. ఆ పూట బల్బు ఆర్పెయ్యి, గదికి కట్టిన గోనెపట్టాలు ఎత్తి గాలి ఆడనియ్యి, నీళ్లు రెండు మూడు సార్లు మార్చు. పుస్తకంలో మొదటి వారం బల్బు వెయ్యమన్నారని మిట్టమధ్యాహ్నం కూడా వేసి పెట్టేవాళ్లున్నారు, ఎండాకాలం ముడ్డి అంటుకునే పిల్లలు ఎక్కువగా అలాంటి ఇళ్లలోనే కనిపిస్తాయి. డిసెంబరు, జనవరిల్లో ఆదిలాబాదు వైపు, లంబసింగి, అరకు వైపు రాత్రుళ్లు గడ్డకట్టే చలి. అక్కడ రెండు వాట్ల లెక్క చాలకపోవచ్చు, బల్బు పెంచుకోవాలి. అయితే చలని చెప్పి గది మొత్తం పట్టాలతో బిగించెయ్యకు. పైన జానెడు ఖాళీ వదులు. రెట్ట ఘాటుకు లోపలికి వెళ్లగానే నీ కళ్లు మండుతున్నాయంటే, ఊకకు అంత దగ్గరగా ఉండే పిల్లల గతేమిటో ఆలోచించు.

కరెంటు పోవడం మన ఊళ్లలో కొత్త కాదు. ఇన్వర్టరు ఉంటే ఒక బల్బు దానికి కలుపు. లేకపోతే వేడినీళ్లు పోసిన సీసాలకు గోనెగుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టు, పిల్లలన్నిటినీ గుడ్డ పరిచిన వెదురు గంపలోకి చేర్చి పైన పల్చటి పంచె కప్పు. వాటి ఒంటి వేడే గంట రెండు గంటలు ఒకదాన్నొకటి కాస్తుంది. పాతకాలం వాళ్లు బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లు. తప్పనిసరై పెడితే బయటే బాగా రాజబెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, గదికి పైన గాలి పోయే దారి వదిలి పెట్టు. పొగ కనిపించకపోయినా బొగ్గు నుంచి విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు, పిల్లలూ పోతాయి, మనుషులూ పోతారు. కుంపటి ఉన్న గదిలో నువ్వు గానీ, ఇంట్లో ఎవరు గానీ పడుకోవద్దు.

ఇక నీళ్లు. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పిల్ల కడుపులో కొంత పచ్చసొన మిగిలి ఉంటుంది. దాని బలంతోనే రెండు మూడు రోజులు తిండి లేకుండా ప్రయాణం చెయ్యగలుగుతుంది. అంతమాత్రాన పెట్టెలో ఉన్నంతసేపూ దానికి ఒంట్లో నీరు తగ్గకుండా ఉంటుందనుకోకు. అందుకని దించగానే మేత చూపించకు, ముందు నీళ్లు. ఒక్కో పిల్లను పట్టుకుని ముక్కు కొస నీళ్లలో ముంచి వదులు, ముక్కు రంధ్రాలు మునగకూడదు. యాభయ్యే కదా, అరగంటలో అయిపోతుంది. ఒకటి తాగడం మొదలుపెడితే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. బావి నీళ్లు చల్లగా తోడి పొయ్యకు, గదిలో నిలవున్న నీళ్లు పొయ్యి. మొదటి కొద్ది గంటలు లీటరుకు రెండు మూడు చెంచాల బెల్లం కలిపితే ప్రయాణపు అలసట తీరుతుంది. తర్వాత మంచినీళ్లే. బెల్లం మంచిదని రోజుల తరబడి ఇస్తే అదే రెట్టను పల్చబరుస్తుంది. నీళ్ల గిన్నెలు రెండు పెట్టు, బల్బు కింద పెట్టకు.

రెండు మూడు గంటలు నీళ్లు తాగాక మేత. మొదటి రోజు, వీలైతే రెండో రోజు కూడా మొక్కజొన్న నూక ఒక్కటే కాగితం మీద పల్చగా చల్లు. సులువుగా అరుగుతుంది, రెట్ట అంటుకోవడం తగ్గుతుంది. ఆ తర్వాత చిక్ స్టార్టర్ మేతకు మారు. మన ఇళ్లలో బియ్యపు నూకలతోనే నెల గడిపేస్తారు. నాటు పిల్ల తల్లి వెంట తిరిగి పురుగూ పుట్రా ఏరుకుంటుంది కాబట్టి దానికి సరిపోతుంది. నాలుగు గోడల మధ్య ఉన్న పిల్లకు నూకలే పెడితే ఎదుగు ఉండదు.

ఇంత చేసినా ఒకటి రెండు పిల్లలకు అంటుకోవచ్చు. మొదటి వారం పొద్దునా సాయంత్రం ఒక్కోదాన్నీ తిప్పి చూడటం అలవాటు చేసుకో. అంటుకున్నది కనిపిస్తే గోటితో గిల్లి లాగెయ్యకు. నూగుతో పాటు చర్మం ఊడి వస్తుంది, రక్తం కనిపిస్తే మిగతా పిల్లలు అక్కడే పొడుస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో దూది గానీ మెత్తటి పాతచీర ముక్క గానీ ముంచి, పిండి, ముడ్డి మీద అలా అదిమి పట్టుకో. ఒకటి రెండు నిమిషాల్లో గడ్డ నానుతుంది. కొంచెం కొంచెంగా కిందికి తుడువు, నానని ముక్క ఉంటే మళ్లీ తడిపి పట్టుకో, తొందరపడకు. పిల్ల అరుస్తుంది, అరవనియ్యి. పిల్ల మొత్తాన్ని నీళ్లలో ముంచకు. ఆ భాగం ఒక్కటే తడవాలి. శుభ్రమయ్యాక పొడిగుడ్డతో అద్ది, కొబ్బరినూనె వేలి కొసతో ఒక్క చుక్క రాయి. నూగు అతుక్కుపోయేంత పులమకు. పూర్తిగా ఆరేదాకా నీ చేతుల్లోనో బల్బు దగ్గరో ఉంచి, అప్పుడు గుంపులో కలుపు. ఆ పిల్లను మూడు నాలుగు రోజులు మరవకుండా చూడు, ఒకసారి అంటుకున్నదానికి మళ్లీ అంటుకుంటుంది. పిల్లల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. మీ చంటాణ్ణి కోడిపిల్లలతో ఆడుకోనిచ్చినా చేతులు కడిగించు, ముద్దులు పెట్టనియ్యకు.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకో. ముడ్డికి కొంచెం ముందు, పొట్ట వైపు, నల్లగా ఎండిన చిన్న పొక్కు కనిపిస్తుంది. అది బొడ్డు. రెట్ట అనుకుని దాన్ని లాగితే పేగు బయటికొచ్చి పిల్ల పోతుంది. ముడ్డి అంటే తోక కింద ఉండేది, అక్కడ అంటుకున్నదే తియ్యాలి. రెట్టలో తెల్లటి కొస ఉంటే భయపడకు, కోళ్లకు మూత్రం అలాగే వస్తుంది. అప్పుడప్పుడు ముదురు గోధుమ రంగులో పేస్టులా జిగురుగా వేస్తాయి, అదీ మామూలే.

మరి మందు ఎప్పుడు? వేడి సరిచేసి, నీళ్లు సరిచేసి, ఒకటి రెండు రోజులు గడిచినా కొత్త కొత్త పిల్లలకు అంటుకుంటూనే ఉంటే, సున్నం నీళ్లలా తెల్లగా పారుతుంటే, కళ్లు మూసుకుని మూలుగుతూ వరసగా చచ్చిపోతుంటే అది వేరే సంగతి. తెల్లపారుడు అనే పుల్లోరం వ్యాధి గుడ్డులోనే తల్లి నుంచి పిల్లకు వస్తుంది. అప్పుడు చచ్చిన పిల్లను కవర్లో పెట్టుకుని అదే రోజు పశువైద్యశాలకు వెళ్లు. కోసి చూసి డాక్టరుగారు రాసిన మందు, రాసిన కొలతలో, రాసినన్ని రోజులు వాడు. పక్కింటివాళ్లు మిగిల్చిన ఆంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపితే మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చి పేగు ఇంకా పాడవుతుంది, రేపు నిజంగా రోగం వచ్చినప్పుడు ఆ మందు పనిచెయ్యదు. పిల్లల్ని కొనేటప్పుడే తల్లికోళ్లకు పుల్లోరం పరీక్ష చేయించే హేచరీనా కాదా అని అడుగు. మారెక్స్ టీకా మొదటి రోజు వేశారా అని కూడా అడుగు. కొక్కెర తెగులుకు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో చుక్కగా లసోటా టీకా, పద్నాలుగో రోజుకు గంబోరో టీకా వేయించు. టీకా వేసిన మర్నాడు పిల్లలు కొంచెం నలతపడతాయి, ఆ రోజు వేడి ఒక మెట్టు పెంచి ముడ్డి మరోసారి చూడు.

ఇదంతా చదివి గుండె జారితే సిగ్గుపడాల్సిందేం లేదు. మదర్ యూనిట్లలో పిల్లల్ని నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్ముతారు. ధర ఎక్కువే, కానీ అప్పటికి ఈ గండాలన్నీ గడిచిపోయి ఉంటాయి. మొదటి విడత అవి తెచ్చుకుని, చెయ్యి తిరిగాక ఒక రోజు వయసు పిల్లల్ని తెచ్చుకున్నా మంచిదే. నీ ఇష్టం. ఒక రోజు పిల్లలే తెస్తానంటే మాత్రం మొదటి వారం ఊళ్లకు వెళ్లే పనులు పెట్టుకోకు.

పిల్లలు ఏ రోజు వస్తున్నాయో రెండు రోజుల ముందు కబురు చెయ్యి. ఫిలమెంటు బల్బులు మీ టౌన్లో దొరక్కపోతే మా ఇంట్లో ఉన్నవి, థర్మామీటరుతో సహా, బస్సులో పంపిస్తాను.

నీ పెద్దమ్మ